సొంత స్థలంలో పాత మట్టికట్ట: కొనేముందు చూడవలసినవి, కొన్నాక చేయవలసినవి

సమాధానమంతా మీరిచ్చిన వివరాల మీదే నిలబడుతుంది కాబట్టి వాటిని ముందుగా ఒకసారి చెప్పుకుంటాను. ఉత్తర జార్జియాలో మీరూ మీ బావమరిదిగారూ కలిసి ఒక పాత పశువుల ఫారం కొనాలనుకుంటున్నారు. అందులో సుమారు 12 ఎకరాల చెరువు, దానికి 22 అడుగుల ఎత్తున మట్టికట్ట ఉన్నాయి. కట్టను 1958లో పశువుల నీటి కోసం వేశారు. వెలుపలి వాలు నిండా పైన్ చెట్లు పెరిగాయి. కట్ట అడుగు నుంచి వెళ్లే ముడతల ఇనుప గొట్టం తుప్పు పట్టింది. కట్ట కింద ఒక మంచం పట్టేంత చోటు ఎండాకాలంలో కూడా చెమ్మగా ఉంటోంది. చేపలు కొట్టుకుపోకుండా అలుగుకు అడ్డంగా ఇనుప వల బిగించారు. దిగువన అర మైలు దూరంలో కౌంటీ రోడ్డు, దాని పక్కన కొత్తగా వెలసిన ఇళ్లు ఉన్నాయి. ఇన్నేళ్లు నిలిచిన కట్టకు ఇప్పుడేమీ కాదని, పైగా అది 25 అడుగుల లోపే కాబట్టి ప్రభుత్వ నిబంధనలు వర్తించవని అమ్మేవారు చెబుతున్నారు. కొనవచ్చా, కొంటే కట్టను ఎలా కాపాడుకోవాలి అన్నది మీ ప్రశ్న.

నేను 30 ఏళ్లకు పైగా మట్టికట్టల పరిశీలన, మరమ్మతు పనుల్లో ఉన్న జియోటెక్నికల్ (నేల, మట్టి నిర్మాణాల) ఇంజనీరును. మీ కట్టను నేను చూడలేదు కాబట్టి అది భద్రమైనదనో కాదనో ఇక్కడి నుంచి చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ మీరు రాసిన వాటిలో నన్ను కలవరపెట్టింది చెట్లు కాదు, ఆ గొట్టమూ దాని దరిదాపుల్లో ఉన్న చెమ్మా. గొట్టం లోపలికి కెమెరా పంపి, ఆ వీడియోను కట్టల పని తెలిసిన ఇంజనీరు చూసేవరకు మీరు సంతకం పెట్టవద్దు. మిగిలినదంతా ఈ మాటకు వివరణే.

ముందు "ఇన్నేళ్లు నిలిచింది" అన్న వాదన సంగతి చూద్దాం, ఎందుకంటే పాత కట్ట ఉన్న ప్రతి స్థలం అమ్మకంలోనూ ఈ మాట వినిపిస్తుంది. ఒక కట్ట 65 ఏళ్లు నిలిచిందంటే ఆ 65 ఏళ్లలో వచ్చిన నీటిని అది ఆపగలిగిందని మాత్రమే అర్థం. ఇంతవరకు రాని నీటిని ఆపుతుందని దానికి అర్థం కాదు, ఈలోగా దాని లోపల ఏదీ అరగలేదని అంతకన్నా కాదు. మిషిగన్‌లోని ఈడెన్‌విల్ డ్యామ్ 1924లో జలవిద్యుత్తు కోసం కట్టిన ప్రైవేటు డ్యామ్. పెద్ద వరదను వదలగలిగే సామర్థ్యం దాని స్పిల్‌వేకు, అంటే అలుగుకు, లేదని ఫెడరల్ నియంత్రణ సంస్థ ఏళ్ల తరబడి చెబుతూ వచ్చి, చివరికి 2018లో విద్యుదుత్పత్తి లైసెన్సు రద్దు చేసింది. 2020 మే 19న జలాశయం అంతకుముందు ఎన్నడూ చేరని మట్టానికి చేరింది. అప్పటికీ నీరు కట్ట మీదుగా పొర్లలేదు. కట్టలో ఒక భాగపు వెలుపలి వాలు ఉన్నట్టుండి జారిపోయి, చూస్తుండగానే గండి పడింది. వదులుగా ఉన్న ఇసుక మట్టి నీటితో నిండి, బలం కోల్పోయి, ద్రవంలా పారడమే దానికి కారణమని తర్వాత స్వతంత్ర నిపుణుల బృందం తేల్చింది. ఆ నీటి తాకిడికి దిగువనున్న శాన్‌ఫర్డ్ డ్యామ్ కూడా తెగింది. సుమారు 10,000 మంది ఇళ్లు విడిచి వెళ్లవలసి వచ్చింది. ముందుగా ఖాళీ చేయించడం వల్లనే ప్రాణాలు దక్కాయి. ఆ కట్ట వయసు అప్పటికి 96 ఏళ్లు, అంటే మీకు చెబుతున్న వాదన అక్కడ ఇంకా గట్టిగా వినిపించి ఉండాలి.

ఇక 25 అడుగుల సంగతి. జార్జియా చట్టంలో ఎత్తు ఒక్కటే కొలమానం కాదు. కట్ట 25 అడుగులు లేదా అంతకన్నా ఎత్తున్నా, లేదా గరిష్ఠ నీటిమట్టం వద్ద 100 ఎకరా-అడుగులు (ఎకరం మేర అడుగు లోతున నిలిచే నీరు ఒక ఎకరా-అడుగు) లేదా అంతకన్నా ఎక్కువ నిల్వ చేయగలిగినా అది చట్టం దృష్టిలో డ్యామే. ఇక్కడ గమనించవలసింది "గరిష్ఠ మట్టం" అన్న మాట. చిన్న చెరువుల నిల్వను ఉజ్జాయింపుగా కట్టడానికి మేము వాడే సూత్రం ఒకటుంది: నీటి విస్తీర్ణాన్ని అత్యధిక లోతుతో హెచ్చించి, అందులో 0.4 వంతు తీసుకోవాలి. మీ చెరువు 12 ఎకరాలు, లోతు 18 అడుగులనుకుంటే మామూలు రోజుల్లో నిల్వ సుమారు 86 ఎకరా-అడుగులు. ఈ అంకె చూసే అమ్మేవారు నిశ్చింతగా ఉండి ఉండవచ్చు. కానీ కట్ట పైభాగం దాకా నీరు ఎక్కితే మరో 4 అడుగులు పెరుగుతుంది, విస్తీర్ణమూ పెరుగుతుంది. ఆ అదనం 50 ఎకరా-అడుగులకు పైమాటే. మొత్తం 140 దగ్గరికి చేరుతుంది. మన చెరువుల లెక్కలో చెప్పాలంటే అది 6 మిలియన్ ఘనపుటడుగులు, దాదాపు 17 కోట్ల లీటర్లు. ఇది నా ఉజ్జాయింపే, సర్వే చేయిస్తే అంకెలు మారతాయి. అయినా మీ కట్ట నిబంధనల పరిధిలోకి వచ్చే అవకాశం బలంగా ఉంది.

పరిధిలోకి వస్తే తర్వాతి ప్రశ్న, కట్ట తెగితే మనుషుల ప్రాణాలు పోయే అవకాశం ఉందా అని. ఉంటే అది మొదటి కేటగిరీ, అనుమతి పత్రం, ఇంజనీరు నివేదికలు, రాష్ట్ర తనిఖీలు తప్పనిసరి. ఇక్కడ చాలామంది యజమానులకు అన్యాయంగా తోచే విషయం ఒకటుంది. ఈ వర్గీకరణ కట్ట స్థితిని బట్టి కాదు, దిగువన ఎవరున్నారన్న దాన్ని బట్టి జరుగుతుంది. 1958లో దిగువన పచ్చిక తప్ప మరేమీ ఉండి ఉండదు. ఇప్పుడు అక్కడ ఎవరో ఇళ్లు కట్టారు. మీరు ఒక్క తట్ట మట్టి కదిలించకపోయినా మీ కట్ట కేటగిరీ మారవచ్చు, దానితో ఖర్చూ మారుతుంది. రాష్ట్ర సేఫ్ డ్యామ్స్ విభాగానికి ఆ స్థలం అక్షాంశ రేఖాంశాలు పంపి, వారి రికార్డుల్లో ఈ కట్ట ఉందో లేదో, ఉంటే ఏ కేటగిరీలో ఉందో రాతపూర్వకంగా అడగండి. ఈ పని కొనకముందే చేయాలి.

ఈ చట్టం ఎందుకు వచ్చిందో తెలిస్తే దాన్ని భారంగా చూడాలనిపించదు. మీరు కొనబోయే ప్రాంతానికి దగ్గరలోనే, టకోవా ఊరి పక్కన, కెల్లీ బార్న్స్ అనే కట్ట ఉండేది. 1899 ప్రాంతంలో కలపచట్రాల్లో రాళ్లు నింపి వేసిన చిన్న అడ్డుకట్ట అది. తర్వాతి కాలంలో దాని మీద మట్టి పోసి, విడతలు విడతలుగా పెంచుతూ 40 అడుగుల పైచిలుకు ఎత్తుకు తెచ్చారు. 1957లో కరెంటు ఉత్పత్తి ఆగిపోయాక అది విహారానికి మాత్రమే మిగిలింది. పని చేసినంత కాలం రోజూ ఎవరో ఒకరు కట్ట మీదికి వెళ్లేవారు, పని ఆగిపోయాక ఆ అలవాటూ పోతుంది. నా అనుభవంలో పాత ప్రైవేటు కట్టల కథల్లో ఈ మలుపు పదే పదే కనిపిస్తుంది. అక్కడ వెలుపలి వాలు మరీ నిటారుగా ఉండేది, చెట్లతో నిండి ఉండేది. 1973లో ఆ వాలు కొంత జారిన గుర్తులు ఫొటోల్లో ఉన్నాయి. 1977 నవంబరు 6న, కొన్ని రోజుల వానల తర్వాత, అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర వేళ కట్ట తెగింది. దిగువనున్న బైబిల్ కాలేజీ ఆవరణలో నిద్రలో ఉన్న కుటుంబాలతో సహా 39 మంది చనిపోయారు. అప్పుడు ఆ చెరువులో ఉన్నది సుమారు 630 ఎకరా-అడుగుల నీరు, పైన వేసిన లెక్క ప్రకారం మీ చెరువు పూర్తిగా నిండితే ఉండే నీటికి నాలుగున్నర రెట్లు మాత్రమే. అధ్యక్షుడు కార్టర్ దేశమంతటా ఫెడరల్ ప్రభుత్వానివి కాని ప్రమాదకరమైన డ్యామ్‌ల తనిఖీకి ఆదేశించడానికీ, 1978లో జార్జియా చట్టం రావడానికీ ఆ రాత్రే కారణం.

ఇప్పుడు గొట్టం. ఆ కాలపు చెరువుల్లో నీటి మధ్య ఒక నిలువు గొట్టం, దాని అడుగు నుంచి కట్ట కిందుగా బయటికి పోయే అడ్డ గొట్టం ఉంటాయి. నీరు నిలువు గొట్టం అంచు దాటగానే అందులో పడి, అడ్డ గొట్టం ద్వారా వెలుపలికి పోతుంది. ముడతల ఇనుప గొట్టం ఆయుష్షు నేల, నీటి గుణాలను బట్టి 25 నుంచి 50 ఏళ్లు. మీది ఆ గడువు దాటిపోయింది. గొట్టానికి చిల్లులు పడితే నీరు కాస్త కారుతుంది, అంతే కదా అనిపించవచ్చు. అసలు ప్రమాదం నీరు కారడం కాదు, నీటితో పాటు కట్ట మట్టి గొట్టంలోకి జారడం. గొట్టం గుండ్రంగా ఉంటుంది కాబట్టి దాని కింది పక్కల్లో మట్టిని దిమ్మిస కొట్టి గట్టిపరచడం కట్టేనాడే కష్టమైన పని. ఆ సందు వెంబడి నీరు దారి చేసుకుంటుంది. చిల్లు పడిన చోట రేణువు రేణువుగా మట్టి లోపలికి పోతూ, బయటివైపు ఒక బోలు తయారవుతుంది. అది పైకి పెరుగుతూ వచ్చి, ఒకనాడు కట్ట మీద చిన్న గుంటగా బయటపడుతుంది.

అలాంటి గుంటను నేను ఒకచోట దగ్గరగా చూశాను. పొరుగు రాష్ట్రంలో ఒక కాలనీ సంఘం వారి చెరువు అది. కట్ట వెలుపలి వాలు మీద, గొట్టం వెళ్లే గీతకు సరిగ్గా పైన, అన్నం తినే పళ్లెమంత మేర గడ్డి కాస్త కిందికి కుంగి ఉంది. పక్కనున్న గడ్డి కన్నా అక్కడి గడ్డి పచ్చగా ఉంది. చేతిలో ఉన్న 4 అడుగుల ఇనుప కడ్డీని దాని మధ్యలో ఆనించి నొక్కితే, రెండు అంగుళాల మట్టి దాటగానే కడ్డీ చేతి పిడి దాకా దిగిపోయింది, వెన్నలోకి దిగినట్టు కూడా కాదు, గాలిలోకి దిగినట్టు. ఆ సంఘం వారు అంతకుముందు రెండుసార్లు అదే గుంటను ఒక ట్రక్కు మట్టితో పూడ్చామనీ, ఒకసారి కాంక్రీటు కూడా పోశామనీ చెప్పారు. వారు పూడ్చిన మట్టీ గొట్టం గుండా వాగులోకి వెళ్లిపోయింది. ఆ కాంక్రీటు పలక కింద బోలు కంటికి కనిపించకుండా మరింత పెరిగింది. ఆ సాయంత్రమే చెరువు మట్టం దించడం మొదలుపెట్టాము. దిగువనున్న రెండు ఇళ్ల వారికి ఆ వారమంతా వేరేచోట పడుకోవలసిందిగా చెప్పవలసి వచ్చింది. తర్వాత కెమెరాలో చూస్తే గొట్టం అడుగు భాగం పొడవునా తుప్పుకు రాలిపోయి ఉంది, నీరు మట్టి మీదే పారుతోంది.

కాబట్టి స్థలానికి వెళ్లినప్పుడు గొట్టం గీతను పైనుంచి కిందికి మెల్లగా నడవండి. కుంగిన చోటు ఎంత చిన్నదైనా దానికి కొలత పెట్టి ఫొటో తీయండి, దాని మీద నిలబడకండి. ఇంకొక సులభమైన పరీక్ష ఉంది: చెరువు మట్టం నిలువు గొట్టం అంచుకు కిందుగా ఉన్న రోజున బయటి చివర చూడండి. పైనుంచి నీరు పడకపోయినా కింద నీరు వస్తోందంటే, అది అతుకుల నుంచో చిల్లుల నుంచో వస్తున్నట్టు. గొట్టం మరమ్మతుకు రెండు ప్రధాన మార్గాలున్నాయి. కట్టను తవ్వి కొత్త గొట్టం వేయడం ఒకటి, పాత గొట్టం లోపల చిన్న పాలిథిలీన్ గొట్టం దూర్చి చుట్టూ సిమెంటు గ్రౌటు (పల్చటి సిమెంటు ముద్ద) నింపడం రెండవది. రెండవది చవక. కానీ గొట్టం సన్నబడుతుంది కాబట్టి వరద లెక్క మళ్లీ వేయాలి, గొట్టం బయటివైపు ఉన్న బోలును అది దానంతటది బాగుచేయదు. ఏ మార్గమైనా వెలుపలి చివర దగ్గర గొట్టం చుట్టూ తగిన ఇసుకతో వడపోత పొర వేయించాలి. పాత రోజుల్లో దీనికి బదులు గొట్టానికి పలకల్లాంటి కాలర్లు తొడిగేవారు. అవి నీటి దారిని నమ్మదగినట్టుగా ఆపలేవని తర్వాత తేలింది.

కట్ట అడుగున ఉన్న చెమ్మ గురించి. ప్రతి మట్టికట్టా కొంత నీరు వదులుతుంది. ఊట ఉండడం తప్పు కాదు. ఆ ఊట మట్టిని మోసుకొస్తోందా, కాలంతో పాటు పెరుగుతోందా అన్నవే తేల్చుకోవలసినవి. అనంతపురం జిల్లాలోని మా ఊరి చెరువుకు ఒక నీరుగంటి, అంటే చెరువు నీటిని చూసుకునే మనిషి, ఉండేవారు. చెరువు నిండిన రాత్రుల్లో ఆయన లాంతరు పట్టుకుని కట్ట వెలుపల అడుగునే నడిచేవారు, కట్ట మీద కాదు. జాలు కనిపించిన చోట దోసిట్లో నీళ్లు పట్టి, లాంతరు దగ్గరకు తెచ్చి చూసి, వేళ్ల మధ్య రుద్దేవారు. తేటగా ఉంటే ముందుకు సాగేవారు, ఇసుక తగిలితే ఊరిని లేపేవారు. నేను తర్వాత చదివిన చదువు ఆయన చూపుకు కొలతలు చేర్చిందే తప్ప దాన్ని మార్చలేదు.

మీరూ అదే చేయండి. ఆ చెమ్మలో నీరు పారుతుంటే ఒక గాజు సీసాలో పట్టి, రాత్రంతా కదలకుండా ఉంచి, తెల్లవారి అడుగున మట్టి పేరుకుందేమో చూడండి. పారే నీటిని చిన్న కాలువలోకి మళ్లించి, 5 గ్యాలన్ల బకెట్ నిండడానికి ఎన్ని సెకన్లు పడుతోందో రాసి పెట్టండి. పక్కనే ఆ రోజు చెరువు మట్టం, ముందు వారం పడిన వాన రాయండి. ఏడాది పాటు ఈ లెక్క ఉంటే ఇంజనీరుకు అదొక పెద్ద ఆధారం. చెరువు మట్టం పెరగకుండానే ఊట పెరిగినా, నీరు మసకబారినా అది వెంటనే ఫోన్ చేయవలసిన విషయం. ఆ చోటును బంకమట్టితో గానీ కాంక్రీటుతో గానీ ఎప్పుడూ బిగించకండి. నీటిని బయట మూస్తే అది లోపల ఒత్తిడి పెంచి వేరొక చోట పైకి తన్నుతుంది. నీటిని పోనిచ్చి, మట్టిని పోనివ్వకపోవడమే సరైన వైద్యం. శుభ్రమైన ఇసుక, దాని మీద కంకర, దాని నుంచి నీరు పోయే కాలువ వేసేది అందుకే.

చెట్ల విషయంలో తొందరపడవద్దు. స్థలం చేతికి రాగానే చెట్లు కొట్టేవారిని పిలిచి, మొదళ్లతో సహా పెకిలించి, కట్టను శుభ్రంగా చేశామని సంతోషించిన యజమానులను చూశాను. నిండు చెరువు వెనకాల ఉండగా పెద్ద చెట్టు మొదలు పెకిలిస్తే కట్టలో ఒక గది తవ్వినట్టే. అలాగని వదిలేయడమూ కుదరదు. గాలివానకు పడిన చెట్టు తన వేళ్లతో పాటు కట్టలో ఒక ముక్కను లేపుకుపోతుంది, చచ్చిన చెట్టు వేళ్లు కుళ్లి ఏళ్ల తర్వాత నీటికి దారులవుతాయి. మణికట్టు లావు లోపు మొక్కలను నేలకు సమానంగా కోయవచ్చు. అంతకు మించిన వాటిని మట్టం దించి, ఇంజనీరు పర్యవేక్షణలో వేళ్లతో తీసి, ఆ గుంతను తగిన మట్టితో పొరలు పొరలుగా దిమ్మిస చేసి నింపాలి. తర్వాత గడ్డి పెంచి, ఏడాదికి కనీసం రెండుసార్లు కోయించండి. గడ్డి కోసేది కట్ట అందంగా కనబడడానికి కాదు, కట్ట కనబడడానికి. మోకాలెత్తు గడ్డిలో బీవర్లు, మస్క్‌రాట్‌లు వంటి నీటి ఒడ్డు జంతువులు తవ్విన కన్నాలు మనిషి అడుగు దూరంలో ఉన్నా కనిపించవు.

అలుగుకు కట్టిన వలను మాత్రం కొన్న రోజునే, వీలైతే కొనకముందే అమ్మేవారి చేత తీయించండి. ఒక వానకు కొట్టుకొచ్చే ఆకులు, కొమ్మలు చాలు, ఆ వల గోడగా మారుతుంది. 1889 మే 31న పెన్సిల్వేనియాలో జాన్స్‌టౌన్ పట్టణాన్ని ముంచి 2,209 మంది ప్రాణాలు తీసిన సౌత్ ఫోర్క్ డ్యామ్ కూడా ప్రైవేటు కట్టే. మొదట కాలువ నీటి కోసం ప్రభుత్వం కట్టించిన ఆ డ్యామ్ చేతులు మారుతూ పోయింది. మధ్యలో ఒక యజమాని అడుగు తూము ఇనుప గొట్టాలు తీసి తుక్కు కింద అమ్మేశాడు. తర్వాత కొన్న విహార క్లబ్బు వాటిని తిరిగి పెట్టలేదు, బండ్లు వెళ్లేందుకు కట్ట పైభాగాన్ని తగ్గించింది, చేపలు పోకుండా అలుగుకు జాలీలు బిగించింది. వరద వచ్చిన నాడు నీటిని కిందినుంచి వదిలే దారి లేదు, పక్కనుంచి పోయే దారి చెత్తతో మూసుకుపోయింది, పైనుంచి పొర్లి కట్ట తెగింది. మన దగ్గర 2021 నవంబరు 19న కడప జిల్లాలో పింఛ కట్ట తెగిన నీరు తోడై అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి, చెయ్యేరు ఒడ్డున ఊళ్లు తుడిచిపెట్టుకుపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అది ప్రభుత్వ ప్రాజెక్టే, కానీ మట్టికి యజమాని ఎవరో తెలియదు. మీద నుంచి నీరు పొర్లిన మట్టికట్ట నిలవడం అరుదు. అందుకే కట్ట పక్కన గడ్డి నేలలో ఉండే అత్యవసర అలుగు వెడల్పును ఎప్పుడూ తగ్గించకూడదు, అందులో కంచె వేయకూడదు, షెడ్డు కట్టకూడదు. కట్ట పైభాగం మట్టాలు కూడా సర్వేయర్ చేత తీయించండి. ఏళ్ల తరబడి మధ్యలో కుంగి, అంచుల కన్నా అడుగు పల్లంగా ఉన్న కట్టలు చాలా ఉంటాయి, కంటికి ఆ తేడా తెలియదు.

మట్టం దించడం గురించి రెండు హెచ్చరికలు చెప్పాలి. రోజుకు అడుగుకు మించి దించవద్దు. నీటి ఆసరా ఒక్కసారిగా పోతే, తడిసిన లోపలి వాలు బరువుకు జారుతుంది. పాత వాల్వు 60 ఏళ్ల తర్వాత తెరుచుకుంటుందని నమ్మవద్దు, తెరుచుకున్నా మూసుకోకపోవచ్చు, కాడ విరిగిపోవచ్చు. కట్ట మీదుగా సైఫన్ గొట్టాలు వేసి దించడం ఇంతకన్నా మంచి పద్ధతి. రెండవ హెచ్చరికను దయచేసి మీ ఇంట్లో అందరికీ చెప్పండి: వాల్వు దగ్గర గానీ, నీరు లాగుతున్న గొట్టం నోటి దగ్గర గానీ ఎవరినీ నీటిలోకి దింపవద్దు, ఎంత గజ ఈతగాడైనా సరే. పది అడుగుల లోతులో చిన్న కంతకు అతుక్కున్న మనిషిని లాగడం పైనున్న నలుగురి వల్ల కాదు.

నెలకొకసారి, ప్రతి పెద్ద వాన తర్వాత ఒకసారి, కట్ట మొత్తం నడవండి. ప్రతిసారీ ఒకే దారిలో, ఒకే చోట్ల నుంచి ఫొటోలు తీయండి. దిగువ ఇళ్ల వారి ఫోన్ నంబర్లు, కౌంటీ అత్యవసర విభాగం నంబరు, ఇసుకా కంకరా తెచ్చే ట్రక్కు యజమాని నంబరు ఒక కాగితం మీద రాసి ఇంట్లోనూ కారులోనూ ఉంచండి. నీరు మసకగా పొంగుతోందని మీకు అనుమానం వస్తే ముందు 911కు చెప్పి, తర్వాతే ఇంజనీరుకు చెప్పండి. దిగువ వారిని అనవసరంగా లేపామన్న మొహమాటం ఈ విషయంలో పనికిరాదు.

చట్టపరమైన బాధ్యత గురించి న్యాయవాదిని కలవండి, నేను చెప్పగలిగింది కొంతే. ఇంగ్లండులో ఒక మిల్లు యజమాని తన స్థలంలో తవ్వించిన చెరువు నీరు పక్కవారి బొగ్గుగనిలోకి పోయిన వివాదంలో, ప్రమాదకరమైనదాన్ని తన నేలలో తెచ్చి నిల్వ చేసినవాడు అది తప్పించుకుపోతే కలిగే నష్టానికి బాధ్యుడని 1868లో ప్రభువుల సభ తీర్పు చెప్పింది. ఈ సూత్రాన్ని అమెరికా రాష్ట్రాలు రకరకాలుగా అన్వయిస్తాయి. మామూలు ఇంటి బీమా కట్ట తెగితే వచ్చే నష్టాన్ని భరిస్తుందనుకోకండి, బీమా సంస్థను ఆ మాటే రాతలో అడగండి. ఇద్దరు కలిసి కొంటున్నారు కాబట్టి కట్ట ఖర్చు ఎవరు ఎంత పెట్టాలో, ఒకరు అమ్ముకుంటే ఏమవుతుందో ఇప్పుడే కాగితం మీద పెట్టుకోండి. బంధుత్వం బాగున్నప్పుడే ఆ కాగితం సులభంగా రాసుకోగలరు. ఖర్చు మాటకొస్తే, ఈ పరిమాణంలో ఉన్న కట్టకు గొట్టం మార్చి, వడపోత వేసి, చెట్లు తీసి, అలుగు సరిచేసే పని నేను చూసినంతలో లక్ష డాలర్ల లోపు ముగియడం అరుదు. మొదటి కేటగిరీలో పడితే దానికి కొన్ని రెట్లు కావచ్చు.

ఆ స్తోమత లేకపోతే చెరువును ఉంచుకోవలసిన అవసరమేమీ లేదు. అనుమతులు తీసుకుని, పూడికను అదుపు చేస్తూ, కట్టను పద్ధతిగా కోసి వాగును పూర్వపు దారిన పోనివ్వడం గౌరవమైన పరిష్కారమే, కొన్ని చోట్ల నేనే ఆ సలహా ఇచ్చాను. అది కూడా డబ్బుతో పనే, కానీ ఒకసారితో తీరే ఖర్చు. లేదా మట్టాన్ని శాశ్వతంగా తగ్గించి, చిన్న చెరువుగా ఉంచుకోవచ్చు. చెరువు అందం చూసి మీరు మనసు పారేసుకున్నారని మీ రాతలోనే తెలుస్తోంది, అది నాకూ అర్థమవుతుంది, నీళ్లున్న చోట మనసు నిలవడం మనవాళ్లకు సహజం. అయినా ఈ మార్గం కూడా లెక్కలో వేసుకునే ధర మాట్లాడండి.

ఇండియాలో తమ పొలాల్లో ఉన్న పాత కుంటల గురించి మీ ప్రశ్న కింద వ్యాఖ్యల్లో ఇద్దరు అడిగారు. 2021 నాటి డ్యామ్ భద్రతా చట్టం ప్రధానంగా 15 మీటర్లకు మించిన కట్టలకు, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల మధ్య వాటికి వర్తిస్తుంది. అందులో యజమాని అంటే ప్రభుత్వమే కానక్కరలేదు. చిన్న కుంటలు ఆ చట్టం వెలుపలే ఉంటాయి, కానీ గొట్టం, ఊట, అలుగు గురించి పైన రాసినదంతా వాటికీ వర్తిస్తుంది.

మీ ఒప్పందంలో పరిశీలన గడువు ఎన్ని రోజులుందో రాయలేదు. మూడు వారాల కన్నా తక్కువ ఉంటే పొడిగింపు అడగండి. గొట్టం కెమెరా పరీక్షకు, కట్ట మట్టాల సర్వేకు అమ్మేవారి అనుమతి రాతలో తీసుకోండి. కెమెరా వద్దంటే ఆ స్థలాన్ని వదిలేయమనే నా సలహా. ఈలోగా వచ్చే శనివారం వెళ్లినప్పుడు ఆ చెమ్మ ఉన్న చోటు గొట్టం గీతకు ఎన్ని అడుగుల దూరంలో ఉందో టేపుతో కొలిచి, సీసాలో పట్టిన నీటి ఫొటో మరునాటి ఉదయం తీసి ఇక్కడ పెట్టండి. అవి రెండూ చూశాక ఎలాంటి ఇంజనీరును పిలవాలో, ఎంత తొందరపడాలో చెప్పగలను.